స్ప్రే, జెల్, సీరమ్, అవిసె గింజల గుజ్జు: బెజవాడ ఉక్కలో జుట్టుకు ఏది నిలుస్తుంది, ఏది ఒంటికి పడుతుంది?

పెళ్లిళ్ల సీజన్ మొదలైందంటే ఫార్మసీ పాఠాలు చెప్పే నాలాంటివాళ్లకు చుట్టాల నుంచి ఒకే రకం ఫోన్లు వస్తాయి. స్ప్రేలో ప్లాస్టిక్ ఉంటుందట, జుట్టు ఊడిపోతుందా పిన్నీ? సీరమ్ రాస్తే కుదుళ్లకు ఊపిరాడదట కదా? అవిసె గింజలు ఉడికించి రాసుకుంటే ఏ గొడవా ఉండదు కదా? అన్నిటి వెనకా ఉన్న అనుమానం ఒక్కటే, జుట్టు మీద పొర కట్టేదేదైనా చెడ్డదేనని. నా లెక్కలో పొర గురించి పడే టెన్షన్‌లో ముప్పాతిక భాగం అనవసరం. ఆ పొర ఏ రూపంలో తల మీదికి వస్తోంది, పీల్చే గాలిలోకి పోతోందా, మన తలంటుకు వదులుతుందా, మన ఎండాకాలానికి ఆగుతుందా అన్నవే చూసుకోవాలి. సీసా మీద రాసిన 'నేచురల్' అన్న మాట వీటిలో ఒక్కదానికీ జవాబు చెప్పదు.

నీళ్లలోనో ఆల్కహాల్‌లోనో, ఆవిరైపోయే మరో ద్రవంలోనో కరిగి ఉండి, తడి ఆరగానే వెంట్రుక చుట్టూ పలచటి పొరగా మిగిలేవే ఈ పదార్థాలు. స్ప్రేలో, జెల్‌లో ఆ పొర గట్టిగా ఉండి వెంట్రుకల్ని ఒకదానితో ఒకటి అతికించి పట్టుకుంటుంది. సీరమ్‌లో జారుడుగా ఉండి చిక్కులు పడనివ్వదు. బయటికి కనిపించే వెంట్రుకకు ప్రాణం లేదు, అది ఊపిరి తీసుకోదు. బతికున్న కుదురు చర్మం లోపల ఉంటుంది, దానికి కావాల్సిన ఆక్సిజన్ రక్తంలోంచి వస్తుంది. పైగా ఈ పొరలు కట్టేవి చాలా పెద్ద అణువులు, వీటినే పాలిమర్లు అంటారు. మామూలు చర్మం దాటి లోపలికి పోవడం వాటివల్ల కాదు.

ఉదాహరణకు జెల్ డబ్బాల మీద ఎక్కువగా కనిపించే పీవీపీ. పూర్తి పేరు పాలీవినైల్‌పైరోలిడోన్. 1930ల చివర జర్మనీలో వాల్టర్ రెప్పె అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని తయారుచేశాడు. రెండో ప్రపంచ యుద్ధంలో రక్తం పోయిన సైనికులకు ప్లాస్మాకు బదులుగా దీని ద్రావణం ఎక్కించారు. గాయాలకు రాసే ముదురు గోధుమ రంగు పొవిడోన్ అయోడిన్‌లో ఉండే 'పొవిడోన్' ఇదే. మనం మింగే చాలా మాత్రల్లో పొడిని అతికించి ఉంచేదీ ఇదే. 1950ల నుంచి హెయిర్ స్ప్రేల్లోకి వచ్చింది. అంతకుముందు స్ప్రేల్లో లక్క వాడేవారు, జార్ఖండ్ అడవుల్లో పురుగులు కట్టే లక్కే. పూర్తిగా సహజం, కానీ మామూలు నీళ్లకు వదిలేది కాదు.

ముందు మన వాతావరణం సంగతి

చాలా సలహాలు చలిదేశాల వాళ్ల కోసం రాసినవి. మే నెలలో విజయవాడలో నలభై దాటిన ఎండ, దానికి తోడు కృష్ణ గాలి, సముద్రం వైపు నుంచి వచ్చే తేమ. గుంటూరులోనూ పరిస్థితి అంతకంటే మెరుగేమీ కాదు. పీవీపీకి ఉన్న పెద్ద లోపం ఇక్కడే బయటపడుతుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన మంగళగిరి చీర ఉదయం బిర్రుగా ఉండి, మధ్యాహ్నం ఉక్కకు ఎలా వాలిపోతుందో పీవీపీ పొర కూడా అంతే: ఆరినప్పుడు గట్టిగా ఉంటుంది, తేమ ఎక్కగానే మెత్తబడి జిగట పడుతుంది. ఏసీ కల్యాణ మండపంలో బాగానే ఉన్న ముడి, ఊరేగింపుకు రోడ్డెక్కిన అరగంటకు జారిపోవడానికి కారణం ఇదే.

దీనికి విరుగుడుగా వచ్చినదే వీపీ/వీఏ కోపాలిమర్. పీవీపీ తయారయ్యే వినైల్‌పైరోలిడోన్‌కు వినైల్ అసిటేట్ అనే తోడు కలిపి తయారుచేస్తారు కాబట్టి తేమను తక్కువ పీల్చుకుంటుంది. ఇంకా గట్టివి కావాలంటే లేబుల్ మీద 'అక్రిలేట్స్ కోపాలిమర్' అని గానీ, 'ఆక్టైల్‌అక్రిలమైడ్'తో మొదలయ్యే పొడుగాటి పేరు గానీ ఉంటుంది. ఉక్కకు బాగా నిలిచేవి ఇవే. వీటిలో ఒక కిటుకు ఉంది. ఈ అక్రిలేట్లు ఆమ్ల గుణం ఉన్నవి, వాటంతట అవి నీళ్లకు కరగవు. తయారీదారు కొంత క్షారం కలిపి వాటిని కొంతవరకు తటస్థం చేస్తాడు. ఎంత ఎక్కువ కలిపితే షాంపూకు అంత తేలిగ్గా వదులుతుంది, తక్కువ కలిపితే ఉక్కకు ఎక్కువ ఆగుతుంది. ఒకదాని కోసం రెండోది కొంత వదులుకోక తప్పదు. 'ఎక్స్‌ట్రా స్ట్రాంగ్' అన్నది రోజూ వాడితే తలంటు కష్టమయ్యేది అందుకే.

కాబట్టి మేలో పెళ్లయితే పీవీపీ మొదట్లోనే రాసి ఉన్న సీసా పక్కన పెట్టి, వీపీ/వీఏ గానీ అక్రిలేట్స్ గానీ ఉన్నది తీసుకోండి. డిసెంబరు, జనవరిలో ఇంత ఆలోచన అక్కర్లేదు, ఏదైనా సరిపోతుంది.

స్ప్రేనా, జెల్లా?

భద్రత విషయంలో నిజంగా తేడా పడేది ఈ రెంటి మధ్యే. అదే పదార్థం జెల్‌లో ఉంటే వేలితో రాసుకుంటాం, అది జుట్టు మీదే ఉంటుంది. స్ప్రేలో ఉంటే కొంత జుట్టు మీద పడుతుంది, కొంత గాలిలో తేలి ముక్కులోకి పోతుంది. 1958లోనే అమెరికా వైద్యులు హెయిర్ స్ప్రే వాడేవాళ్ల ఊపిరితిత్తుల్లో మచ్చల్ని గమనించి, పీల్చిన పాలిమర్ అక్కడ పేరుకుంటోందేమోనని రాశారు. తర్వాత జరిగిన పరిశీలనల్లో ఆ సంబంధం గట్టిగా రుజువు కాలేదు. అయినా అప్పటినుంచీ అందరూ ఒప్పుకునే విషయం ఒకటుంది: పది మైక్రాన్లకంటే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సన్నటి తుంపరలు ఊపిరితిత్తుల లోపలిదాకా పోగలవు, అందుకని తుంపర ఎంత పెద్దదైతే అంత మేలు. నొక్కితే చిమ్మే పంపు సీసాలో తుంపరలు పెద్దవి. గ్యాస్‌తో బుస్సుమనే డబ్బాలో సన్నటివి కూడా ఉంటాయి. రెండూ దొరికే చోట పంపు సీసా కొనమనే నేను చెప్తాను, ముఖ్యంగా ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లు ఉంటే.

వాడకందార్ల కంటే బ్యూటీషియన్ల గురించే నాకు ఎక్కువ బెంగ. పెళ్లికూతురు జీవితంలో ఒకటి రెండుసార్లు ఆ మబ్బులో కూర్చుంటుంది. మొగల్రాజపురంలోనో బ్రాడీపేటలోనో చిన్న ఏసీ గదిలో, కిటికీ లేకుండా, ముహూర్తాల రోజుల్లో వరసగా నలుగురైదుగురికి జడలు వేసే అమ్మాయి ఆ మబ్బును రోజంతా పీలుస్తుంది. పార్లర్ పెట్టేవాళ్లు అద్దాలకూ లైట్లకూ పెట్టే ఖర్చులో కొంచెం తీసి ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టిస్తే చాలు.

ఈ స్ప్రేల చరిత్రలో పొరకన్నా దానికి తోడుగా వచ్చిన వాటివల్లే ఎక్కువ గొడవలు జరిగాయి. ఒకప్పుడు డబ్బాలో వాయువుగా వినైల్ క్లోరైడ్ వాడేవారు, అది క్యాన్సర్ కారకమని తేలాక 1974లో అమెరికా ఆపేసింది. ఆ తర్వాత ఓజోన్ పొరను తినేసే సీఎఫ్‌సీ (క్లోరోఫ్లోరోకార్బన్) వాయువులు, వాటినీ స్ప్రేల్లో 1978లో అక్కడ నిషేధించారు. పొర పెళుసుగా పగలకుండా మెత్తదనం కోసం డైబ్యుటైల్ థాలేట్ కలిపేవారు. పునరుత్పత్తికి హాని చేస్తుందని 2004లో యూరప్ దాన్ని సౌందర్య సాధనాల్లోంచి తీసేసింది. లేబుల్ మీద ఆ పేరు కనిపిస్తే ఆ సీసా అక్కడే పెట్టేసి రండి.

ఇప్పుడు డబ్బాల్లో ఉండేవి ఎక్కువగా ప్రొపేన్, బ్యూటేన్. అంటే వంటింటి సిలిండర్‌లో ఉండే గ్యాసే. దానికి తోడు ఆల్కహాల్. మన ఇళ్లలో దీని ప్రమాదం పెళ్లిపీటల దగ్గరే వస్తుంది. జడ పూర్తిచేసి, పూలు పెట్టి, ఆఖరుసారి నాలుగువైపులా స్ప్రే కొట్టి, వెంటనే ఎవరో హారతి పళ్లెం పట్టుకొస్తారు. ఆల్కహాల్ పూర్తిగా ఆరేదాకా కొన్ని నిమిషాలు ఆగాలి. దీపారాధన గదిలో, స్టౌ వెలుగుతున్న వంటింట్లో, అగరొత్తుల పక్కన స్ప్రే కొట్టకూడదు. ఖాళీ డబ్బాను ఎండలో నిలిపిన కారులో వదలకూడదు, చెత్తతో కలిపి మంటలో వేయకూడదు.

కొట్టే పద్ధతి కూడా ముఖ్యమే. జానెడున్నర దూరం నుంచి, కళ్లు మూసుకుని, కొట్టేంతసేపూ ఊపిరి బిగపట్టి, ఆ తర్వాత రెండడుగులు పక్కకు జరగాలి. నుదుటి అంచున కొట్టాలనుకుంటే దువ్వెన మీద కొట్టి ఆ దువ్వెనతో దువ్వుకోవచ్చు. ఇది చాలామంది చెయ్యరు గానీ ముఖం మీద పడకుండా ఉండడానికి ఇంతకంటే తేలిక మార్గం లేదు.

జెల్‌లో ఈ గాలి గొడవ లేదు. అందుకే చిన్నపిల్లలకు జెల్లే మేలు. తుమ్మలపల్లివారి కళాక్షేత్రంలో నృత్య పోటీలప్పుడు గ్రీన్‌రూమ్‌లోకి తొంగిచూస్తే సంగతి అర్థమవుతుంది. ఏడెనిమిదేళ్ల కూచిపూడి పిల్లలు వరసగా కూర్చుని ఉంటారు, సవరం అమర్చి, పాపిటి బిళ్ల పెట్టి, ఎగిరే చిన్న వెంట్రుకల మీద తల్లులు స్ప్రే డబ్బా ఖాళీ చేస్తుంటారు. ఆ పిల్లలు తర్వాత పది నిమిషాలు గట్టిగా ఊపిరి పీలుస్తూ ఆడాలి. ఆ వెంట్రుకలకు బఠాణీ గింజంత జెల్, తడి చేసిన పాత టూత్‌బ్రష్ చాలు. అద్దినట్టు అణిగిపోతాయి.

జెల్‌తో వచ్చే చిరాకు వేరు. ఆరాక దువ్వితే తెల్లటి పొట్టు రాలుతుంది, అందరూ చుండ్రు అనుకుంటారు. పొర గట్టిగా ఆరి విరిగితే వచ్చే పొట్టు అది, తలంటితే పోతుంది. ఇంకో రకం కూడా ఉంది. చాలా కండిషనర్లలో, రాసి కడగకుండా వదిలేసే లీవ్-ఇన్ క్రీముల్లో ధన విద్యుదావేశం ఉన్న పాలిమర్లు ఉంటాయి. జెల్‌ను చిక్కబరిచే కార్బోమర్‌ది రుణ ఆవేశం. ఈ రెండూ జుట్టు మీద కలిస్తే ఒకదాన్నొకటి పట్టుకుని తెల్లటి ఉండలు కడతాయి. కొత్తగా కొన్నప్పుడు అరచేతిలో రెండూ కొంచెం కొంచెం కలిపి రుద్ది చూడండి. పాలు విరిగినట్టు అయితే ఆ రెంటినీ ఒకే రోజు వాడొద్దు, అంతే.

సీరమ్ అంటే ఎక్కువగా సిలికోన్

కొట్లలో దొరికే చిన్న సీరమ్ సీసాల్లో చాలావాటిలో మొదటి పేరు సైక్లోపెంటాసిలోక్సేన్, తర్వాత డైమెథికోన్ లేదా డైమెథికోనాల్. ఇవన్నీ సిలికోన్లే. మొదటిది ఆవిరైపోతుంది, రెండోది పొరగా మిగిలి మెరుపు, జారుడు ఇస్తుంది. మిగతా పాలిమర్లలా ఇది జుట్టును నిలబెట్టదు. జడ కుదురుగా ఉండాలని సీరమ్ కొనడం డబ్బు దండగ. చిక్కు తీయడానికి, కొసలు చీలకుండా ఉండడానికి, తేమకు జుట్టు గాలిలో లేవకుండా ఉండడానికి మాత్రం ఇంతకంటే పనికొచ్చేది దొరకదు. సిలికోన్ నీటిని పీల్చుకోదు కాబట్టి మన ఉక్కకు సరిగ్గా సరిపోతుంది.

రంగు వేసుకున్న జుట్టుకైతే లేబుల్ మీద 'అమోడైమెథికోన్' ఉన్నది వెతకండి. రంగు, ఎండ, దువ్వెన దెబ్బలకు వెంట్రుక పై పొలుసు అరిగిన చోట రుణ ఆవేశం ఎక్కువ. అమోడైమెథికోన్‌లోని అమైన్ భాగానికి ధన ఆవేశం ఉంటుంది కాబట్టి దెబ్బతిన్న చోటే ఎక్కువగా పట్టుకుంటుంది, బాగున్న చోట దొంతరలు కట్టదు. పాలీక్వాటర్నియం-7, పాలీక్వాటర్నియం-10 లాంటివీ ఇదే సూత్రం మీద పనిచేస్తాయి. షాంపూలో, కండిషనర్‌లో ఇవి ఉంటే భయపడాల్సిన పనేమీ లేదు. వాటిలో అక్రిలమైడ్ అనే హానికరమైన రసాయనం నుంచి తయారైనవి కొన్ని ఉన్నాయి. అందుకని తయారీలో మిగిలిపోయే అక్రిలమైడ్‌కు యూరప్ చాలా కఠినమైన పరిమితి పెట్టింది, ఒంటి మీద అలాగే ఉండిపోయే వాటిలో కిలోకు 0.1 మిల్లీగ్రాము. పేరున్న తయారీదారు సరుకు కొనమని చెప్పేది ఇందుకే, శుద్ధి చేసిన ముడిసరుకుకు ఖర్చవుతుంది.

సైక్లోపెంటాసిలోక్సేన్ నిషేధించారట కదా అని కూడా అడుగుతుంటారు. యూరప్‌లో కడిగేసే ఉత్పత్తుల్లో 2020 జనవరి 31 నుంచి 0.1 శాతానికి మించి ఉండకూడదన్నారు, రాసి వదిలేసే వాటికి 2027 జూన్ నుంచి ఆ నియమం వస్తుంది. ప్రధాన కారణం పర్యావరణం. నీళ్లలోకి చేరాక అది తొందరగా విచ్ఛిన్నం కాదు, జలచరాల్లో పేరుకుంటుంది. మన స్నానాల నీళ్లు చివరికి చేరేది బందరు కాలువకో ఏలూరు కాలువకో కాబట్టి ఆ మాట మనకూ వర్తిస్తుంది. డైమెథికోన్ ఒక్కటే ఉన్న సీరమ్‌లు కూడా దొరుకుతున్నాయి, కొంచెం జిడ్డుగా అనిపిస్తాయి గానీ రెండు చుక్కలు చాలు.

సీరమ్ వాడేవాళ్లకు అసలు ఇబ్బంది తలంటు దగ్గర వస్తుంది. కుంకుడుకాయ రసం నూనెను బాగా లాగుతుంది, సిలికోన్‌ను అంత తేలిగ్గా వదిలించలేదు. వారానికోసారి కుంకుడుకాయతో తలంటుకుంటూ రోజూ సీరమ్ రాస్తే నెల తిరిగేసరికి జుట్టు బరువుగా, చప్పగా పడి ఉంటుంది. నెలకు ఒకటి రెండుసార్లు మామూలు షాంపూ కలుపుకోవాలి. శీకాయ సబ్బు బిళ్లతో రుద్దడం దీనికి మందు కాదు. చాలా కాలనీల్లో బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ, సబ్బు వాటితో కలిసి తెల్లటి మడ్డిగా మారి జుట్టుకే అంటుకుంటుంది. సీరమ్ మీద నెపం వేసే చాలా సందర్భాల్లో నిజానికి ఆ మడ్డే కారణం. కుంకుడుకాయ, షాంపూ రెండిటికీ ఈ బాధ లేదు.

జుట్టును సాపు చేసే ఇస్త్రీ కర్ర (హెయిర్ స్ట్రెయిట్‌నర్) పెట్టే ముందు రాసే 'హీట్ ప్రొటెక్షన్' పొరలు వేడి ఎక్కే వేగాన్ని కొంచెం తగ్గిస్తాయి, వేడిని ఆపవు. తడి జుట్టును వేడి పలకల మధ్య పెడితే లోపలి నీరు ఆవిరై వెంట్రుకలో బుడగలు పుడతాయి, అక్కడే తెగుతుంది. ఏ సీరమూ దాన్ని కాపాడదు.

వంటింటి పొరలు

అవిసె గింజలు, మెంతులు, మందార ఆకు, కలబంద, బెండకాయ, గంజి. ఇవన్నీ నిజంగానే పొర కడతాయి. వీటిలోని జిగురు పాలీశాకరైడ్లది, స్ప్రేలోని పాలిమర్ చేసే పనే కొంచెం మెత్తగా చేస్తుంది. గోరుచిక్కుడు గింజల జిగురైతే నేరుగా ఫ్యాక్టరీకి పోయి, ధన ఆవేశం తగిలించుకుని 'గ్వార్ హైడ్రాక్సీప్రొపైల్‌ట్రైమోనియం క్లోరైడ్' అనే భయంకరమైన పేరుతో షాంపూలోకి తిరిగొస్తుంది. పేరు చూసి జడుసుకునే పదార్థాల్లో కూరగాయల బండి మీదవీ ఉన్నాయని విద్యార్థులకు చెప్పడానికి నాకిష్టమైన ఉదాహరణ ఇది.

ఉంగరాల జుట్టు వాళ్లకు అవిసె గింజల జెల్ చక్కగా పనిచేస్తుంది. వంకీలు విడిపోకుండా పట్టి ఉంచుతుంది, చేత్తో నలిపితే మెత్తబడుతుంది, నీళ్లతోనే వదులుతుంది. కానీ ఇది కూడా తేమకు లొంగేదే. మేలో మధ్యాహ్నం దాకా నిలవాలని ఆశించకూడదు. పొడుగాటి బరువైన జడకు దీని బలం చాలదు.

భద్రతలో మాత్రం ఇంట్లో చేసినది కొన్నదానికంటే మంచిదని నేను చెప్పలేను. సీసాలోని జెల్‌లో నిల్వ ఉంచే పదార్థం ఉంటుంది. గిన్నెలోని అవిసె జిగురులో ఉండదు, అది సూక్ష్మజీవులకు పండగ భోజనం. నలభై డిగ్రీల ఎండలో గట్టు మీద పెడితే ఒక్కరోజులోనే వాసన మారుతుంది. చిన్న మోతాదులో చేసి, శుభ్రమైన సీసాలో పోసి, ఫ్రిజ్‌లో పెట్టి, వారంలోపు వాడేయాలి. బూజు పట్టినా, పులుపు వాసన వచ్చినా, తీగలు సాగడం పోయి నీళ్లైపోయినా పారబోయండి. తలలో గోకుడు పుండ్లు ఉన్నప్పుడు అసలు రాయొద్దు. కలబంద మట్టను కోయగానే కారే పసుపు పాలు పూర్తిగా కారిపోనిచ్చి, కడిగాకే లోపలి గుజ్జు తీయాలి, ఆ పాలు కొందరికి దురద తెస్తాయి.

నూనె గురించి ఒక్క మాట. కొబ్బరినూనె పైన పొరగా ఉండడమే కాకుండా కొంత వెంట్రుక లోపలికి పోయి, తలంటినప్పుడు ప్రొటీన్ కోల్పోకుండా కాపాడుతుందని 2003లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. అందులోనే మినరల్ ఆయిల్, పొద్దుతిరుగుడు నూనె ఆ పని చేయలేదు. తలంటుకు ముందు కొబ్బరినూనె, ఆ తర్వాత కొసలకు సీరమ్ అన్న వరస నాకు సబబుగా అనిపిస్తుంది. నూనె రాసుకుని గుంటూరు మిర్చి యార్డు వైపు వెళ్లేవాళ్లు మాత్రం తలకు రుమాలు కట్టుకోండి. ఆ ఘాటు దుమ్ము జిడ్డుకు అంటుకుంటే సాయంత్రం తల కడిగినప్పుడు కళ్లే ముందు చెప్తాయి.

'కెరటిన్' అని రాసి ఉంటే రెండు వేర్వేరు సంగతులు

షాంపూ, మాస్క్ మీద ఉండే 'హైడ్రోలైజ్డ్ కెరటిన్' అంటే ఉన్ని నుంచో ఈకల నుంచో తీసి ముక్కలు చేసిన ప్రొటీన్. పొర కడుతుంది, కొంత నునుపిస్తుంది, తలంటుకు పోతుంది. జుట్టును మళ్లీ కట్టదు. శాకాహార నియమం గట్టిగా పాటించేవాళ్లు గోధుమ, సోయా ప్రొటీన్లు ఉన్నవి చూసుకోవచ్చు. గోధుమ పడనివాళ్లు జాగ్రత్త. జపాన్‌లో ఒక ముఖ సబ్బులో కలిపిన హైడ్రోలైజ్డ్ గోధుమ ప్రొటీన్ వల్ల వేలమందికి గోధుమ ఎలర్జీ వచ్చిన ఉదంతం ఉంది. పెద్ద ముక్కలే అందుకు కారణమని తేలి, యూరప్ ఆ ముక్కల పరిమాణానికి పరిమితి పెట్టింది.

పార్లర్లో వేలు పోసి చేయించుకునే కెరటిన్ ట్రీట్‌మెంట్ వేరే విషయం. అక్కడ జుట్టును సాపు చేసేది చాలాసార్లు కెరటిన్ కాదు. ఫార్మాల్డిహైడ్ గానీ, వేడికి దాన్ని వదిలే మిథిలీన్ గ్లైకాల్ గానీ, ఈమధ్య ఎక్కువగా గ్లయాక్సిలిక్ యాసిడ్ గానీ ఆ పని చేస్తాయి. ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గంలో చేర్చింది. అది లేదని అమ్మే గ్లయాక్సిలిక్ యాసిడ్ రకాల తర్వాత కిడ్నీలు దెబ్బతిన్న 26 మంది వివరాలను ఇజ్రాయెల్ వైద్యులు 2023లో ప్రచురించారు. వాళ్లలో ఎక్కువమంది వయసులో ఉన్న ఆడవాళ్లే.

ఈ వ్యాసంలో వద్దు అని అన్నిటికంటే గట్టిగా చెప్పేది దీని గురించే. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు దీని జోలికి పోకూడదు. మిగతావాళ్లు చేయించుకోవాలనే అనుకుంటే సీసా లేబుల్ చూపించమని అడగండి. చూపించకపోతే లేచి వచ్చేయండి. ఇస్త్రీ పెడుతున్నప్పుడు కళ్లు మండి, ముక్కులో ఘాటు ఎక్కితే 'అది మామూలేనండీ' అన్న మాట వినొద్దు. చేయించుకున్న రోజుల్లో వాంతులు, నడుము నొప్పి, మూత్రం తగ్గడం లాంటివి కనిపిస్తే డాక్టరుకు ఈ ట్రీట్‌మెంట్ సంగతి తప్పకుండా చెప్పాలి. చెప్పకపోతే వాళ్లకు తట్టకపోవచ్చు.

మరి ఎవరికి ఏది?

ఆఫీసుకో కాలేజీకో రోజూ బస్సులో, స్కూటీ మీద వెళ్లే ఆడపిల్లకు స్ప్రే అక్కర్లేదు. తలంటాక తడిగా ఉన్నప్పుడు చెవుల కింది నుంచి కొసలదాకా రెండు చుక్కల సీరమ్ చాలు, మాడుకు తగలనివ్వకండి. పెళ్లికూతురి ముడికి, వేదిక మీద నాట్యానికి అక్రిలేట్స్ ఉన్న పంపు స్ప్రే తీసుకుని, ఆ రాత్రే తలంటుకోవాలి. గట్టిపడిన జుట్టును పొడిగా దువ్వడం మొదలుపెడితే వెంట్రుకలు తెగుతాయి. ముందు నీళ్లు పోసి, కండిషనర్ రాసి ఐదు నిమిషాలు ఆగి, వేళ్లతో విడదీసి, అప్పుడు షాంపూ. 'స్ప్రే వల్ల జుట్టు ఊడింది' అని చెప్పేవాళ్లలో చాలామందికి ఊడింది ఈ దువ్వెన దగ్గరే. మల్లెలు, కనకాంబరాలు పెట్టేవాళ్లు స్ప్రే ఆరాక పూలు పెట్టండి, ఆల్కహాల్ తగిలితే పూలు వాడిపోతాయి.

మగవాళ్ల సంగతి తేలిక. హెల్మెట్ పెట్టుకునేవాళ్లకు ఏ జెల్ అయినా చెమటకు కరిగి నుదుటికి కారుతుంది, వ్యాక్స్ అయితే నుదుటి మీద మొటిమలు తెస్తుంది. ఆఫీసుకు వెళ్లాకే చిన్న గింజంత రాసుకోవడం మంచిది. జుట్టు పలచబడిన చోట చల్లుకునే ఫైబర్ పొడి, దాని మీద కొట్టే స్ప్రే కూడా ఈ కోవలోవే. కళ్లకూ ఊపిరికీ దూరంగా వాడితే పరవాలేదు.

మాడు మీద ఎర్రగా, పొలుసులుగా, దురదగా ఉన్నవాళ్లు ఇవేవీ కొనకుండా ముందు చర్మ వైద్యుడికి చూపించాలి. పొర పదార్థాలకు ఎలర్జీ రావడం అరుదు. వాటితో కలిపే సువాసనలకు, నిల్వ పదార్థాలకు రావడం ఎక్కువ. మోచేతి లోపలివైపు కొంచెం రాసి, కడగకుండా రెండు రోజులు చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

బీసెంట్ రోడ్డు ఫ్యాన్సీ షాపుల్లో, వన్‌టౌన్ హోల్‌సేల్ కొట్లలో కొనేటప్పుడు వాసన చూసే ముందు సీసా తిప్పి చూడండి. కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం తయారీదారు పేరు, చిరునామా, లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోపు వాడాలో, ఏమేం కలిపారో ఉండాలి. విదేశీ సరుకైతే దిగుమతి రిజిస్ట్రేషన్ నంబరు, దిగుమతిదారు చిరునామా ఉండాలి. పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాస్తారు, ఒక శాతంలోపు ఉన్నవి మాత్రం చివర్లో ఎలాగైనా రాయొచ్చు. అందుకని 'కెరటిన్', 'ఆర్గాన్ ఆయిల్' అని ముందు పెద్ద అక్షరాలతో ఉండి, వెనక జాబితాలో సువాసన పేరు తర్వాత ఎక్కడో కనిపిస్తే, ఆ పేరు కోసం ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. పార్లర్లకు అమ్మే పెద్ద డబ్బాల్లోంచి చిన్న సీసాల్లోకి పోసి, పైన పేరు ఒక్కటే అంటించి ఇచ్చే సరుకు చౌకగానే వస్తుంది. దాని మీద ఈ వివరాలేవీ ఉండవు కాబట్టి కొనకండి.